గట్టు మీది ఆగమ్మ

చిట్కుల్‌లో ఎవరెవరు ఎంతకాలంగా పని మానేసి కూర్చున్నారో తడుముకోకుండా చెప్పగల మనిషిని నేనొక్కణ్ణే. తొమ్మిదో తరగతి నన్ను భరించలేక వదిలేసిన దగ్గర్నుంచి సైకిల్ షాపు ముందు స్టూలేసుకుని లోకాన్ని చదువుతున్నాను కాబట్టి ఈ విషయంలో నా మాటకు తిరుగులేదు. ఆ అధికారంతోనే చెబుతున్నాను: మా ఆగమ్మంత గొప్పగా కూర్చున్న మనిషి ఇస్నాపూర్ చౌరస్తా నుంచి సంగారెడ్డి కోర్టు దాకా ఇంకొకరు లేరు.

కూర్చోవడంలో గొప్పేముంది అని మీరు అనవచ్చు. మీరు కుర్చీలో పుట్టి ఉంటారు. ఆగమ్మ పొలంలో పుట్టింది. నాటు వేస్తూ పెరిగింది, కలుపు తీస్తూ పెళ్ళి చేసుకుంది, కోతల మధ్యలో కొడుకును కన్నది. మొగుడు పోయాక కూడా వంగిన నడుం ఎత్తకుండా ఆ కొడుకు యాదన్నను పదో తరగతి దాకా లాక్కొచ్చింది. ఆ యాదన్నకు పంపులు తయారుచేసే కంపెనీలో పర్మినెంట్ అయిన రోజున, తొంభై రెండులో, ఆగమ్మ తలకు పోసుకుని వాడంతా బెల్లం పంచింది. పంచి, అందరి ముందూ చెప్పింది.

"ఇగ నేను మట్టి ముట్ట. కొడుకు కూసోబెట్టి పెడుతడు, నేను కూసోని తింట."

మా దగ్గర అది చిన్న మాట కాదు. తల్లి కూర్చుందంటే కొడుకు నిలబడ్డాడని లెక్క. కంపెనీలైను ఇళ్ళలో, రేకుల గది ముందు, వేపచెట్టు కింద నులక మంచం వేసుకుని ఆగమ్మ కూర్చున్న తీరు చూడటానికి ఊళ్ళోంచి ఆడవాళ్ళు పనిగట్టుకొని వచ్చేవారు. "ఆగవ్వ మంచిగ కూసున్నది" అని మెచ్చుకుని వెళ్ళేవారు. మూడేళ్ళలో ఆ మంచం నులక ఆమె ఆకారంలోనే దిగిపోయింది. ఆమె లేచి లోపలికి వెళ్ళినప్పుడు కూడా మంచం మీద ఆమె ఉన్నట్టే ఉండేది. పాలవాడు రెండుసార్లు ఖాళీ మంచానికి దండం పెట్టి పోయాడు. నేను చూశాను.

ఇదంతా ఇలా గొప్పగా నడుస్తుండగా ఆ కూర్చున్న మనిషి ఒంట్లోకి షుగర్ వచ్చి కూర్చుంది.

మొదట పాదాలు తిమ్మిరెక్కాయి. తర్వాత కాలిలో ముల్లు దిగినా ఆమెకు తెలియలేదు. ఆ పుండు మానడానికి ఒక కాలమంతా పట్టింది. జోగిపేటలో ఉండే ఆమె అన్నకు సరిగ్గా ఇలాగే మొదలై మోకాలి దాకా తీసేశారు. యాదన్న అది కళ్ళారా చూసినవాడు. అందుకని తల్లిని కంపెనీ దవాఖానకు తీసుకుపోయాడు. నన్నూ రమ్మన్నాడు, ఎందుకంటే డాక్టర్లతో మాట్లాడటంలో మా వాడలో నన్ను మించినవాడు లేడు.

డాక్టరమ్మ చిన్న వయసుది, మంచిది. పాదాలను సూదితో పొడిచి చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"ఏం పని చేస్తారమ్మా?"

"ఏం చెయ్య" అంది ఆగమ్మ గర్వంగా.

"అదే చెడ్డది. మాత్రలు వేసుకోవాలి, చెప్పులు లేకుండా అడుగు తీసి అడుగు వెయ్యకూడదు, ఒళ్ళు కదలాలి. ఇంకొక పుండు పడితే వేలు తియ్యాల్సి రావచ్చు. వేలుతో ఆగకపోవచ్చు కూడా. గార్డెనింగ్ లాంటిది ఏదైనా అలవాటు చేసుకోండి. పెద్దవాళ్ళకు మంచి హాబీ."

ఆగమ్మ కొడుకు వైపు చూసింది. యాదన్న తెలుగు చేశాడు. "చెట్లల్ల, మొక్కలల్ల పని చేస్తె ఆరోగ్యమంట అవ్వా. సరదాకు."

"గట్లనా. అయితె నాకు యాభై ఏండ్ల సంది ఆరోగ్యమేనాయె. ఆ ఆరోగ్యం తోనే కదా నడుం గిట్ల వంగింది." ఆగమ్మ లేచి చీర సర్దుకుంది. "ఇగ సాలు బిడ్డా, ఇంకా ఆరోగ్యం నాకొద్దు. ఇంటికి పోదాం నడువు."

ఇప్పుడు మా పక్కింటి త్రినాథరావుగారి గురించి చెప్పాలి. ఆయనది గోదావరి దగ్గర ఏదో పల్లె. పెద్ద సర్కారు ప్లాంటులో సుత్తుల షాపులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరై, మా లైను పక్కనే ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నాడు. సుత్తుల మోత వల్ల ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. రిటైరైన నెలకే బీపీ పెరిగి నిద్ర కరువైతే, ఏ డాక్టరో ఆయనకూ ఇదే మందు రాశాడు. ఆయన దాన్ని ప్రమోషన్ లాగా తీసుకున్నాడు. ఖాకీ నిక్కరు, కంపెనీ బూట్లు, తలకు తువ్వాలు. పొద్దు పొడవకముందే పార పట్టేవాడు. బోరు కొడితే టీ రంగు నీళ్ళు పడ్డాయి, పాలు కలపడమే తరువాయి. అందుకని రోజు విడిచి రోజు వచ్చే మంజీర నీళ్ళు డ్రమ్ములకు పట్టి, వంకాయకూ బెండకూ చెంబుతో పోసేవాడు.

ఊళ్ళో ఆడవాళ్ళు అది చూసి నోరు నొక్కుకున్నారు. ముత్యమ్మ అని ఆగమ్మ పాత కూలి జత ఒకామె ఉంది, ఆమె అయితే గోడ దగ్గర నిలబడి కళ్ళు ఒత్తుకుంది.

"పాపం, ఇంత పెద్ద ఇల్లు గట్టిండు. ఈ వయసుల పార పడితెనే గాని పూట గడుస్తలేదు గావచ్చు."

"కొడుకులు పెడుతలేరేమో" అంది ఆగమ్మ మంచం మీంచి. "సదువుకున్నోళ్ళ ఇండ్లల్ల గంతే."

ఆ మధ్యాహ్నం కోడలి చేత రెండు జొన్నరొట్టెలు, ఎండుమిరప కారం ఆయనకు పంపింది. ఎండలో మట్టి తవ్వే మనిషికి మధ్యాహ్నం తిండి పెట్టాలని ఆమె లెక్క. రావుగారు మెరక మీద కూర్చొని ఇష్టంగా తిన్నాడు. ఆయన భార్య పద్మావతిగారికి మాత్రం ముఖం కందగడ్డ అయింది.

"మనింట్లో అన్నం లేదనుకుంటున్నారండీ ఊరంతా. మీ సరదా సంగతేమో గానీ నా పరువు పోతోంది."

"రొట్టె బాగుందే" అన్నాడాయన. వినపడిందో లేదో తెలియదు.

ఆగమ్మ కదలడం ఎలా మొదలైందో చెబుతాను. దీనికి కూడా నేనే సాక్షి. ఒకరోజు రావుగారు వంకాయ నారు నాటుతున్నాడు. రెండు మేకులు కొట్టి, దారం కట్టి, టేపు పెట్టి కొలిచి, ఒక్కొక్క మొక్కను పసిబిడ్డలా దించుతున్నాడు. పొద్దున మొదలుపెట్టినవాడు ఎండెక్కే వేళకు ఒక సాలు కూడా పూర్తి చేయలేదు. రోజుకు ఎకరం నాటిన గుంపులో ముందు నిలిచిన మనిషి ఎంతసేపని ఓర్చుకుంటుంది? మంచం మీంచే కేక వేసింది.

"ఏమయ్యా సారూ, నారు పెడుతున్నవా, పెండ్లి చేస్తున్నవా?"

రావుగారికి వినపడలేదు. ఆగమ్మ మంచం దిగి గోడ దాకా వెళ్ళి మళ్ళీ అరిచింది. అది సగం చెవి వైపు కాదు. ఇక పంతం పట్టి చెప్పులు తొడుక్కుని, గొడుగు పట్టుకుని, వాళ్ళ గేటు తీసుకుని లోపలికి పోయి, పాదు చుట్టూ పేర్చిన ఇటుకల గట్టు మీద నిలబడి ఆయన కుడి చెవిలో అరిచింది. రావుగారు ఉలిక్కిపడి గబగబా నాలుగు మొక్కలు నాటాడు.

ఆగమ్మ ముఖంలో ఏదో వెలిగింది. యాభై ఏళ్ళు ఆమె గట్టు కిందే ఉంది. గట్టు మీద గొడుగు పట్టుకుని, కిర్రు చెప్పులు వేసుకుని, వంగిన నడుముల మీదుగా తిట్టేవాడు వాళ్ళ ఊరి పటేలు. ఇవాళ గొడుగు ఆమె చేతిలో ఉంది, చెప్పులు ఆమె కాళ్ళకున్నాయి, నడుం వంచి ఉన్నది వేరే మనిషి.

మర్నాడు ఎవరూ పిలవకుండానే వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. పొద్దున ఒకపూట, సాయంత్రం ఒకపూట, గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు. పటేలు తిట్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. "తల ఎందుకెత్తుతున్నవు, ఆకాశంల నీ మేనమామ ఉన్నడా?" "చేతులు మట్టిల, పానం ఇంట్ల. గిట్లయితె కూలి కాదు, గూటం పెడుత." ఆ తిట్లలో వంకాయకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఆమెకు తెలిసింది వరి, జొన్న. రావుగారు ఎక్కడినుంచో తెచ్చుకున్న క్రోటన్ మొక్కలను గడ్డి అనుకుని పీకించింది. ఆయన గోంగూర అంటే, ఆమె అది పుంటికూర అనీ, తన కళ్ళ ముందు దానికి ఇంకో పేరు పెడితే ఊరుకోననీ పోట్లాడింది. పటేలు దగ్గే దగ్గు కూడా ఆమెకు పట్టుబడింది. గొంతు ఎంత లేచిందంటే, ఆమె దగ్గితే పక్క ఊరు భానూర్‌లో పిట్టలు లేచాయి.

"మీ అవ్వ మా వాడను నిద్ర పోనిస్తలేదు" అన్నాను యాదన్నతో.

"నువ్వెప్పుడు పనిచేసినవని నీకు నిద్ర?" అన్నాడు. అతనికి ఈ మధ్య ధైర్యం వచ్చింది.

వింత ఏమిటంటే, రావుగారికి బీపీ తగ్గింది. ముప్పై ఏళ్ళు ఫోర్‌మన్ అరుపుల మధ్య బతికిన మనిషి. రిటైరయ్యాక ఎవరూ తిట్టేవాళ్ళు లేక ఇల్లు బోసిపోయింది. పద్మావతిగారు నెమ్మది మనిషి, ఆమెకు తిట్టడం చేతకాదు. "ఆవిడ బాగా అరిచిన రోజు ఈయన ఎనిమిదింటికే గుర్రు పెడుతున్నారండీ" అని ఆమే ఒప్పుకుంది. రొట్టెలు తెచ్చినా ఇప్పుడు కోపం తెచ్చుకోవడం లేదు, బదులుగా పులిహోర పంపిస్తోంది.

ఆగమ్మ షుగరూ దిగింది. డాక్టరమ్మ కాగితం చూసి సంతోషపడింది. "చూశారా, గార్డెనింగ్ చేస్తే ఎంత మార్పో."

"నేనేడ జేసిన?" అంది ఆగమ్మ నొచ్చుకుని. "చేయించిన."

ఇక్కడితో ఆపితే డాక్టర్లకు మంచి కథ. కానీ వానాకాలం మధ్యలో రావుగారు పెంట ఎరువు బస్తా ఎత్తబోయాడు. గట్టు మీంచి "ఎత్తు ఎత్తు, అన్నం తిన్లేదా" అని వినిపిస్తుంటే ఎత్తకుండా ఎలా ఉంటాడు? ఎత్తాడు. నడుం పట్టేసింది. నలుగురం కలిసి ఆయన్ను తలుపు రెక్క మీద పడుకోబెట్టి లోపలికి మోశాం. బస్తా ఒంటిచేత్తో నేను మోశాను. పడక దిగకూడదని ఆయన డాక్టరు చెప్పాడు.

తోటలో కలుపు లేచింది. పనిచేసేవాడు లేకపోతే గట్టు మీద నిలబడి ఎవర్ని తిడుతుంది? ఆగమ్మ గొడుగు మూసి తిరిగి మంచం ఎక్కింది. నులక ఆమెను గుర్తుపట్టి లోపలికి లాక్కుంది. షుగర్ మళ్ళీ పెరిగింది. కొన్నాళ్ళకు కోడలు కాళ్ళకు నీళ్ళు పోస్తూ చూస్తే చిటికెన వేలి పక్కన బొబ్బ చితికి ఉంది. ఆగమ్మకు నొప్పే తెలియలేదు.

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. కట్టు కట్టింది, మందులు పెంచింది. "పాదం మీద బరువు పడొద్దు. కూర్చునే ఏదైనా పని చెయ్యండి, చేతులూ ఒళ్ళూ కదలాలి. షుగర్ దిగకపోయి వేలు నల్లబడితే తీసెయ్యక తప్పదు. ఆలస్యమైతే పాదం కూడా."

యాదన్న ఆ వారమంతా డ్యూటీకి సెలవు పెట్టాడు. తల్లి తిట్టడానికి ఒక మనిషి కావాలి కదా అని, తనే రావుగారి తోటలోకి దిగి కలుపు పట్టుకున్నాడు. తల్లి కుర్చీలో కూర్చొని తిడుతుందనుకున్నాడు. ఆగమ్మ అతన్ని మట్టిలో చూసి ఏడుపు మొదలుపెట్టింది.

"పర్మినెంట్ మనిషివి, నువ్వు మట్టి ముడుతవారా? గిందుకా నిన్ను సదివిచ్చింది? లే ముందు, ఎవలన్న సూస్తరు."

"అయితె నువ్వే దిగు అవ్వా. పీట మీద కూసోనే కలుపు తియ్యి. డాక్టరమ్మ గదే చెప్పింది."

"పరాయోళ్ళ జాగల మట్టి ముట్టుడు రెండే తీర్లు బిడ్డా. పైసలు తీస్కుంటె కూలి. తీస్కోకుంటె వెట్టి. మా నాయిన దొరకు వెట్టి జేసి జేసి సచ్చిండు. నేను కూలి జేసి జేసి లేసిన. రెండు వద్దని ఒట్టు వెట్టుకున్న. వేలు పోతె పోనీ."

"వేలు కాదవ్వా, కాలు పోతది. మామను సూసినవు కదా."

ఆగమ్మ పైట నోట్లో పెట్టుకుంది గానీ లేవలేదు. నేను కూడా ఆ రోజు జోకు వెయ్యలేదు. నా జీవితంలో అలాంటి రోజులు తక్కువ.

ఈ గొడవంతా కిటికీలోంచి వింటున్న పద్మావతిగారు బయటికి వచ్చారు. తోటంటే ఆమెకు మొదటినుంచీ పడదు. కానీ భర్త కిటికీలోంచి కలుపు చూసి కుమిలిపోతుంటే చూడలేకపోతోంది.

"ఆగమ్మగారూ, కూలీ వద్దు, ఊరికేనూ వద్దు. మా పుట్టింట్లో రైతులు ఒకరి చేలో ఒకరు చేసుకునేవారు. ఇవాళ మీరు మా పాదులు చూడండి. ఈయన లేచాక వచ్చి మీ పాదులు చూస్తారు. రోజుకు రోజు."

ఆగమ్మ నోట్లోంచి పైట తీసింది. "బదులా?"

"ఏమంటారో మీ వైపు. అదే."

బదులంటే మా దగ్గర ఆషామాషీ కాదు. ఈ రైతు మడిలో ఆ రైతు నాటు వేస్తే, ఆ రైతు మడిలో ఈ రైతు వేయాలి. సమానుల మధ్య లెక్క అది. జాగ ఉన్నవాళ్ళకే బదులు. జాగ లేనివాళ్ళకు కూలి. ఆగమ్మను పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ బదులుకు పిలిచిన పాపాన పోలేదు.

"మాకు జాగేడిది అమ్మా, సారు అచ్చి చెయ్యనీకి?"

 యాదన్న వెళ్ళి, గది వెనక రేకుల కింద మూలన పడి ఉన్న పాత స్కూటరు, డబ్బాలు, పైపు ముక్కలు బయటికి లాగి పడేశాడు. ఒక మంచం పట్టేంత నేల బయటపడింది. తవ్వి చూస్తే రాయి, మొరం.

ఆగమ్మ కొడుకు భుజం పట్టుకుని వెళ్ళి ఆ నేలను చూసింది. మొక్కల మాట ఎత్తలేదు. ముందు హద్దురాళ్ళు తెప్పించింది. నాలుగు వైపులా గట్టు వేయించింది. తూర్పు వైపు గట్టు జానెడు తమ ఇంట్లోకి వచ్చిందని వెనకింటి వాళ్ళు అంటే, మంచం కూడా దిగకుండా వాళ్ళతో రెండు రోజులు పోట్లాడింది. మూడు తరాలుగా పట్టా ఉన్నవాడు కూడా అంత బాగా పోట్లాడడు. ఆ తర్వాతే పీట, గుడ్డ చుట్టిన పాదానికి పెద్ద చెప్పు, కలుపు తీసే కుర్పీ పట్టుకుని రావుగారి తోటలోకి బయలుదేరింది.

"ఏందవ్వా, కూలికా?" అంది గేటు దగ్గర ఎదురైన ముత్యమ్మ, ఆశ్చర్యం దాచుకోలేక.

"కూలేంది? బదులు."

ముత్యమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ఆగమ్మ పీట జరుపుకుంటూ జరుపుకుంటూ పొద్దున ఒక వరుస, సాయంత్రం ఒక వరుస కలుపు తీసింది. పాదం నేలకు ఆనించలేదు. తిట్లు లేవు, దగ్గు లేదు. చేతులు మాత్రం కోతల కాలంలో ఆడినట్టే ఆడాయి. ఆమె వేగానికి గడ్డి తనంతట తనే వేళ్ళతో సహా లేచి గట్టు మీదకు వచ్చి పడుకుంది. నేను చెబితే నమ్మరు గానీ, మధ్యాహ్నం అయ్యేసరికి పక్క ప్లాటు గడ్డి కూడా భయపడి వాడిపోయింది. రావుగారు కిటికీలోంచి అన్నీ చూస్తూ, ఎవరూ తిట్టకపోవడంతో నిద్ర పట్టక దొర్లుతుండేవాడు.

డాక్టరమ్మ కట్టు మార్చినప్పుడల్లా యాదన్న కళ్ళు మూసుకునేవాడు. ఒకసారి నల్లగా కనిపించిందని ఆమె పెన్సిల్‌తో చుట్టూ గీత గీసింది. ఆ గీత దాటితే వేలు పోయినట్టే. దాటలేదు. బతుకమ్మ పూలు అమ్మకానికి వచ్చే వేళకు పుండు ఎండింది. వేలు వంకరగా, మచ్చతో, కానీ సొంత చోటే ఉంది.

"మంచి హాబీ పెట్టుకున్నారమ్మా" అంది డాక్టరమ్మ చివరి కట్టు విప్పుతూ.

"మంచిగ చూడు తల్లీ, మళ్ళ మామూలు చెప్పులు తొడుక్కుంట" అంది ఆగమ్మ. ఆ ఇంగ్లీషు మాటను ఆమె పట్టించుకోవడం మానేసింది.

రావుగారు లేచాడు. నడుముకు బెల్టు బిగించుకుని, ఖాకీ నిక్కరు తొడుక్కుని, బదులు తీర్చడానికి పొద్దున్నే ఆగమ్మ జాగ దగ్గర హాజరయ్యాడు. ఆ జాగలో ఈలోపు యాదన్న పోసిన ఎర్రమట్టిలో పుంటికూర మొలిచింది. రావుగారి కళ్ళలో పండగ. ఇన్నాళ్ళ తిట్ల కరువు ఇవాళ తీరుతుందని ఆశ. కావాలనే కలుపు నెమ్మదిగా తీశాడు. రెండు పుంటి మొక్కలను కూడా పీకాడు. గట్టు మీద కుర్చీలో ఆగమ్మ గొడుగు పట్టుకుని కూర్చుంది. నేను స్టూలు ఎత్తుకొచ్చి గోడ దగ్గర వేసుకున్నాను, ఈ తమాషా ఎవరైనా వదులుకుంటారా.

ఆగమ్మ తిట్టలేదు. గొడుగు కాస్త వంచి, నీడ ఆయన మీద పడేలా పట్టుకుంది.

"జెర ఇటు నీడకు జరుగుండ్రి సారూ. నడుం పైలం."

రావుగారు ఇంకో మొక్క పీకాడు. "ఆగమ్మగారూ, ఇది కూరా, గడ్డి మొక్కా? తప్పు చేశానేమో చూడండి."

"పోనీయండ్రి. మల్ల మొలుస్తది."

"ఒక్క మాటైనా అనండి. ఇలా అయితే పని సాగదు నాకు."

ఆగమ్మ కోడలిని పిలిచి రొట్టెలు, కారం, గ్లాసులో మజ్జిగ తెప్పించి, ఆయన ముందు తనే స్వయంగా పెట్టింది. తిట్టు కోసం ఎదురుచూస్తున్న ఆయన ముఖం చూసి, గట్టు మీద ఒక చెయ్యి ఆనించి చెప్పింది.

"మా పటేలు ఆయన జాగల తిట్టిండు. నా జాగల నేను తిట్ట సారూ. తినుండ్రి."

రావుగారు తలవంచుకుని రొట్టె తిన్నాడు. ఆ సాయంత్రం ఆయన బీపీ కొంచెం పెరిగిందని పద్మావతిగారు నాతో చెప్పి వాపోయారు.